రొట్టె వాసన కింద

"ఎడమ జేబు మీద రావాలి నెడ్డీ. వంకర పోకూడదు. శనివారం అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి," అని చెప్పి ఎల్డన్ టోపీ పెట్టుకుని బయటికి వెళ్లాడు.

కుట్టిపెడతావా అని అడగలేదు. పెళ్లయిన నాటి నుంచీ ఎల్డన్ గార్బర్ ఏదీ అడిగింది లేదు. ఏది ఎక్కడ ఉండాలో చెప్పేవాడు. సాయంత్రానికి అది అక్కడ ఉండేది. మధ్యలో ఏం జరిగిందో అతనికి పట్టేది కాదు.

నెడ్రా వంటగది బల్ల మీద కోటు పరిచింది. ముదురు నీలం రంగు కొత్త కోటు. దాని పక్కన బ్యాడ్జి. బంగారు రంగు దారంతో ఒక చక్రం, అడ్డంగా రెండు జెండాలు. జిల్లా రేసింగ్ సంఘం వాళ్లు ఈ ఏడు ఎల్డన్‌ను సన్మానిస్తున్నారు. సంత మైదానం గోడకు అతని పేరుతో ఒక ఇత్తడి పలక కూడా బిగిస్తారట. దాని మీద రాయబోయే మాటల్ని పొద్దున కాఫీ తాగుతూ రెండుసార్లు పైకి చదివాడు. 'స్వయంకృషితో పైకొచ్చిన గృహనిర్మాత. సంపాదించినదంతా మోటారు రేసులకే అంకితం చేసిన మనిషి.' చదివి, "బాగుంది కదూ?" అన్నాడు. బాగుందంది.

స్వయంకృషి అనే మాట ఆమెకు కొత్తది కాదు. అత్తగారు బతికున్నన్నాళ్లూ ఆదివారం భోజనాల దగ్గర వినబడిన మాటే. "మావాడు ఒట్టి చేతులతో మొదలుపెట్టాడు," అని ఆవిడ చుట్టాలకు చెబుతుంటే, నెడ్రా సింకు దగ్గర నిలబడి గోళ్లలో ఇరుక్కున్న సున్నం తోముకుంటూ ఉండేది. మొదటి ఇల్లు లేచింది నెడ్రా నాన్న మొక్కజొన్న పొలంలో. అందులో కిటికీ అద్దాలకు లప్పం పెట్టింది నెడ్రా, గోడలకు రంగు వేసింది నెడ్రా, దూలం రెండో కొస పట్టుకుంది నెడ్రా. అప్పుడు కూతురు ఫే కడుపులో ఉంది. వడ్రంగులకు మధ్యాహ్నం భోజనం వండి తీసుకెళ్లిందీ తనే. అదంతా చెయ్యడం కష్టమనిపించలేదు. ఇద్దరం కలిసి కడుతున్నాం అనుకుంది. ఒట్టి చేతులు అన్నప్పుడు ఆ చేతుల లెక్కలో తనవి లేవని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. తెలిశాక కూడా ఏమీ అనలేదు. ఎవరితో అంటుంది?

ఎల్డన్ ఒక వీధి మొదలుపెడితే మొదట కట్టే ఇల్లు మోడల్ హౌస్. కొనేవాళ్లకు ఖాళీ ఇల్లు చూపిస్తే మనసుకెక్కదని, లోపల సంసారం కనబడాలని అతని నమ్మకం. ఆ సంసారం నెడ్రా, ఫే. వీధిలోని ఇళ్లన్నీ అమ్ముడుపోయాక చివరికి ఆ ఇల్లూ అమ్మేసేవాడు. పెట్టెలు సర్దుకుని ఇంకో వీధికి, ఇంకో మోడల్ హౌస్‌కి. గోడకు మేకు కొట్టకూడదు. స్నానాల గదిలో వేలాడే పువ్వుల తువాళ్లతో చేతులు తుడుచుకోకూడదు. బల్ల మీది ఆపిల్ పళ్లు మైనంవి. ఒకసారి ఫే వాటిలో ఒకదాన్ని కొరికితే, పంటి గాటు గోడ వైపుకు తిప్పి పెట్టింది నెడ్రా. చూడ్డానికి ఎవరో వస్తున్నారని ఫోన్ రాగానే, నిజంగా వాడుకునే వస్తువులన్నీ కారు డిక్కీలోకి చేరేవి. మాత్రల సీసాలు, పాత చెప్పులు, కుట్టుబుట్ట, ఫే గీసిన బొమ్మలు. అప్పుడు ఓవెన్‌లో దాల్చినచెక్క రొట్టె పెట్టాలి. "జనం గోడలు చూసి కొనరు నెడ్డీ. వాసన చూసి కొంటారు," అనేవాడు ఎల్డన్. నిజమే. కొత్తగా పెళ్లయిన అమ్మాయిలు గుమ్మంలోకి అడుగుపెట్టగానే ఆగి, కళ్లు సగం మూసుకుని గాలి పీల్చుకునేవారు. అక్కడే ఇల్లు అమ్ముడుపోయేది. అన్ని ఇళ్లనూ అమ్మింది ఆ రొట్టె. "అమ్మా, మన ఇల్లు ఏది?" అని ఫే అడిగితే, "ఇంకా కడుతున్నారు," అని చెప్పేది.

అమ్మిన ఇళ్లు కార్లుగా మారేవి. వీధి పూర్తయిందంటే షెడ్డులోకి కొత్త ఇంజను వచ్చినట్టే. సింకు మీద కిటికీ, కిటికీలోంచి పియర్ చెట్టు కనబడే ఇల్లు ఒకటుండేది. దాని మీద నెడ్రాకు ఆశ పుట్టింది. నోరు తెరిచి అడిగింది కూడా. ఆ ఇల్లు ఒక్క వేసవిలో టైర్లుగా అరిగిపోయింది. అత్తగారి దగ్గర ఒకసారి కళ్లనీళ్లు పెట్టుకుంటే, "కార్ల పిచ్చేగా? ఆడవాళ్ల పిచ్చి కాదుగా? సంతోషించు," అంది ఆవిడ.

రేసువాళ్లకు మూడు పడవు. ఆకుపచ్చ రంగు, వేరుశనక్కాయల తొక్కలు, పిట్‌లో ఆడమనిషి. పిట్ అంటే కార్లు సిద్ధం చేసే ఆవరణ. దాని చుట్టూ తీగ కంచె. ఆ మూడింట్లో ఏది కంచె దాటినా ఎవరో ఒకరు ప్రాణంతో తిరిగిరారని వాళ్ల భయం. తొక్కలనైతే ఊడ్చేస్తే దోషం పోయేది. ప్రతి శనివారం నెడ్రా బుట్ట నిండా హామ్ సాండ్‌విచ్‌లు చుట్టి తీసుకెళ్లి, కంచె సందుల్లోంచి ఒక్కొక్కటే లోపలికి అందించేది. గ్రీజు అంటిన వేళ్లు అటు నుంచి అందుకునేవి. "అమ్మా, ఆవపిండి ఎక్కువేశావు!" "అమ్మా, నాకు రెండు!" డ్రైవర్లు, మెకానిక్కులు, అందరికీ ఆమె అమ్మే. సోమవారం వాళ్లు ఒంటినిండా తొడుక్కునే ఓవరాల్స్ అన్నీ ఆమె ఇంటికే వచ్చేవి. ఆ రోజుల్లో రేసు ఇంజన్లలో ఆముదం పోసేవారు. ఎంత ఉడకబెట్టినా గుడ్డల్లోంచి ఆ కాలిన ఆముదం వాసన పూర్తిగా వదిలేది కాదు. కారును ఏనాడూ చేత్తో ముట్టుకోలేదు కాని, దాని వాసన ఆమె జుట్టులో ఉండేది.

ఎల్డన్ కార్లు నడిపే డ్రైవర్లలో ఆమెకు బాగా దగ్గరైనవాడు వెర్న్ టాలీ. భార్య డార్లీన్, ఏడాది నిండని పాప. ఇరవై ఏడేళ్లవాడు, ఎప్పుడూ ఏదో ఒకటి చింపుకునేవాడు. పంతొమ్మిది వందల యాభై ఎనిమిది వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం ఓవరాల్స్ చేత్తో పట్టుకుని వెనక తలుపులోంచి వచ్చాడు.

"అమ్మా, మోకాలు పోయింది. సాయంత్రం రేసు."

పైన కొనేవాళ్లు ఇల్లు చూస్తున్నారు. నెడ్రా వెర్న్‌ను నేలమాళిగలోని ఉతుకుడు గదిలోకి తోసి, నీళ్ల బాయిలరు వెనక కూర్చోబెట్టింది. కుట్టుబుట్ట డిక్కీలో ఉంది. కారు ఎల్డన్ తీసుకుపోయాడు. పై గదిలో అలంకరణకు పెట్టిన గాజు జాడీలో రంగురంగుల దారపు ఉండలున్నాయి కాని అవన్నీ వేషమే. పైన రెండు చుట్లు దారం, లోపల అట్ట. నిజంగా దారం ఉన్నది ఒకే ఒక్క ఉండకు. కర్టెన్లు సవరిస్తున్నట్టు నటించి, కొనేవాళ్ల వైపు చిరునవ్వు నవ్వి, దాన్ని గుప్పిట్లో పెట్టుకుని కిందికి దిగింది.

వెర్న్ లోదుస్తుల్లో ముడుచుకుని కూర్చున్నాడు. "వాళ్లు ఇక్కడికొస్తే నన్నూ ఇంటితో కలిపి అమ్మేస్తావా?"

"నిన్ను కలిపితే ఇల్లు కూడా అమ్ముడుపోదు. కదలకు."

గుప్పిట తెరిచి చూపించింది. వెర్న్ ముఖంలో నవ్వు ఒక్క క్షణం ఆగింది. "ఆకుపచ్చా?"

"ఇంట్లో ఇదొక్కటే ఉంది. లోపలి వైపు వేస్తాను. పైకి కనబడదు. వద్దంటే చెప్పు, చిరిగిందే వేసుకుపో."

వెర్న్ తల గోక్కున్నాడు. పైన అడుగుల చప్పుడు, ఒకావిడ గొంతు. "ఆహా, ఏం వాసన!" ఇద్దరూ నోళ్లు మూసుకుని నవ్వారు. వెర్న్ పెదవుల మీద వేలు పెట్టుకుని గుసగుసగా అన్నాడు. "సరే. కారుకి మాత్రం చెప్పకమ్మా."

ఆ సాయంత్రం మూడో మలుపు దగ్గర కారు తిరగలేదు. తిరగాల్సిన చోట తిరగకుండా, ఎవరో పిలిచినట్టు నేరుగా వెళ్లి చెక్కల గోడలోంచి బయటికి పోయింది. వేలమంది చూశారు. నెడ్రా కంచె పట్టుకుని చూసింది. ఎందుకు తిరగలేదని ఎవరూ అడగలేదు. అడిగేలోపే జవాబు దొరికింది.

ఆస్పత్రిలో వెర్న్ బట్టలు గోధుమరంగు సంచిలో పెట్టి ఎల్డన్ చేతికిచ్చారు. డాక్టర్లు ఓవరాల్స్ నిలువునా కత్తిరించారు. లోపలి వైపు బయటికి తిరిగి ఉంది. ఎల్డన్ మోకాలి దగ్గర గుడ్డను దీపం వెలుగులోకి తిప్పి చూశాడు.

"ఇది ఏ దారం?"

"ఇంట్లో అదే దొరికింది."

ఎల్డన్ చాలాసేపు దాన్నే చూశాడు. అతని ముఖంలో ఏదో సడలింది. భుజాలు కిందికి దిగాయి. ఆమె దాన్ని దుఃఖం అనుకుంది. "నువ్వు ఇంటికెళ్లు. డార్లీన్ కంట పడకు," అన్నాడు. అంతకు మించి ఆనాడూ, ఆ తర్వాతా ఒక్క మాట అనలేదు. తిట్టలేదు. తనను కాపాడుతున్నాడనుకుంది. కాని ఆ సంచి నలుగురి చేతులూ మారింది. వెర్న్ సమాధి దగ్గర నెడ్రా చెయ్యి చాపితే డార్లీన్ తన చెయ్యి వెనక్కి తీసుకుని పాపను ఇంకో భుజం మీదికి మార్చుకుంది. తర్వాతి శనివారం నెడ్రా సాండ్‌విచ్‌లు తీసుకెళ్లింది. కంచె అవతల ఎవరూ చెయ్యి చాపలేదు. ఒకతను మర్యాదగా, "మాకు ఆకలి లేదు మిసెస్ గార్బర్," అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఎవరికీ అమ్మ కాదు. అందరికీ మిసెస్ గార్బర్. ఎల్డన్ రేసులు మానలేదు. నెడ్రా కార్ల స్టాండులో, అద్దాలు ఎత్తేసిన కారులో కూర్చుని చప్పుడు మాత్రం వినేది. మూడో మలుపు దగ్గర చప్పుడు సన్నబడి మళ్లీ పెరిగేదాకా ఊపిరి పీల్చేది కాదు. ఎందుకొస్తున్నావని ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేదో తెలియదు. చంపినవాళ్లు కాపలా ఉండాలేమో అనిపించేది.

ఆ శీతాకాలం ఎల్డన్ కొత్తగా కట్టిన ఈ ఇంటికి తీసుకొచ్చాడు. తాళంచెవి చేతిలో పెట్టి, "ఇది అమ్మను నెడ్డీ. నీ పేరున రాయించాను," అన్నాడు. ఆమె ఆ ఖాళీ వంటగదిలో నేల మీద కూర్చుని ఏడ్చింది. అంత పాపం చేసినదానికి ఇంత దయా అనుకుంది. ఎల్డన్ మీద ఎన్నడైనా కోపం వస్తే ఆ తాళంచెవిని గుర్తు చేసుకునేది. కోపం దిగిపోయేది. అలా పదహారేళ్లు.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఈ ఇంట్లో ఆముదం వాసన వస్తుంది. ఓవరాల్స్ ఉతకడం మానేసి ఎన్నో ఏళ్లయినా, వానాకాలంలో, మంచు కరిగేటప్పుడు, ఎక్కడో కింది నుంచి సన్నగా లేస్తుంది. ఎల్డన్ తనకేమీ రావడం లేదంటాడు. వాసన నేలలో లేదు, తన తలలోనే ఉంది అనుకుంది నెడ్రా. వెర్న్ తనను వదలలేదు, వదలడు, వదలకపోవడమే న్యాయం. అందుకే ఎవరూ చూడ్డానికి రాని ఈ ఇంట్లో కూడా రెండు రోజులకోసారి దాల్చినచెక్క రొట్టె కాలుస్తుంది, ఆ వాసన మీద కప్పడానికి.

ఇప్పుడు శనివారం డార్లీన్ వస్తోంది. సంఘం వాళ్లు పిలిచారు. ఈ ఊళ్లో తన చెల్లెలి ఇంట్లో దిగిందట. "పాత సంగతులు తవ్వదులే," అన్నాడు ఎల్డన్. "నువ్వు నా పక్కన కూర్చుని నవ్వుతూ ఉంటే చాలు." ఆ మాట విన్నప్పటి నుంచి నెడ్రా కళ్ల ముందు అదే దృశ్యం. ఒక బల్ల దగ్గర, తెల్లగుడ్డ మీద, ఎదురుగా డార్లీన్. చెయ్యి చాపాలా వద్దా? చాపితే మళ్లీ వెనక్కి తీసుకుంటుందా?

సూదిలోకి తెల్లదారం ఎక్కించగానే గరాజు తలుపు చప్పుడైంది. క్లెటస్. వెర్న్ కారుకు మెకానిక్కుగా చేసినవాడు, ఇప్పుడు మోకాళ్లు వంగని ముసలివాడు. సన్మానం రోజున బల్ల మీద పెట్టడానికి గరాజు అలమారలోని పాత ఫోటోలు కావాలని వచ్చాడు. అటు నుంచే లోపలికి వచ్చాడు.

"కూర్చోండి. కాఫీ పోస్తాను."

"పొయ్యండి మిసెస్ గార్బర్. పెద్దాయన లేడా?" ఎల్డన్‌ను రేసువాళ్లంతా అలాగే అంటారు. క్లెటస్ ఫోటోల పెట్టె పక్కన పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. "గరాజు నేల మళ్లీ బీటలిచ్చిందే! పోయినేడు కూడా పూడ్చాడుగా?"

"ప్రతి వసంతం పూడుస్తాడు. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడు. తాను పోసిన కాంక్రీటు పగలదని ఊరంతా చెప్పుకుంటాడుగా, సిగ్గనుకుంటా."

క్లెటస్ భుజాలు కదిలేలా నవ్వాడు. "దానికి ఇంకా పైకి రావాలనుంది. అప్పుడే చెప్పా పెద్దాయనకి. అయ్యా, అంత ఇనుము కింద పెట్టి పైన పోస్తే నేల సమంగా కూర్చోదు, ఎప్పటికైనా బీటలిస్తుంది అని. వింటేనా?"

"ఏ ఇనుము?"

"కారు." రొట్టె ముక్క విరుచుకుంటున్నాడు. "వెర్న్ కారు."

నెడ్రా చేతిలో కాఫీ కుండ అలాగే ఉంది. క్లెటస్ ఒకసారి ఆమె ముఖం చూసి, విరిచిన ముక్క పళ్లెంలో పెట్టేశాడు.

"మీకు తెలుసనుకున్నా. ఇల్లు మీ పేరునే ఉందిగా. మీకు చెప్పకుండా..."

"మనిషి పోయిన కారును ఎవరూ ఉంచుకోరని, ముక్కలు చేయించానని చెప్పాడు."

"అందరికీ అదే చెప్పాడు. షెరీఫ్‌కీ అదే. ఎవరడుగుతారు? అది మా ఆచారమే కదా." క్లెటస్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఇక్కడ అప్పటికి గొయ్యి తవ్వుంది. ఆదివారం పనివాళ్లు లేరు. నేనూ ఆయనా."

"ఎందుకు?"

క్లెటస్ బల్లతో చెబుతున్నట్టు చెప్పాడు. "స్టీరింగ్ కడ్డీలో వెంట్రుకంత చీలిక. శనివారం పొద్దున నేనే చూశా. పెద్దాయనకి చూపించా. 'ఈ ఒక్క సాయంత్రం లాగుతుంది క్లెటస్, సోమవారం మారుద్దాం' అన్నాడు. కొత్తది తేవాలంటే ఆ రోజు రేసు పోయేది. నేను మళ్లీ చెప్పాల్సింది. చెప్పలేదు."

"వెర్న్‌కి తెలుసా?"

తల అడ్డంగా ఊపాడు.

"నా దారం సంగతి?"

"దారం..." అతను మోకాలి మీది టోపీని అటూ ఇటూ తిప్పాడు. "అది దొరికింది. మాకందరికీ అది పనికొచ్చింది అమ్మా."

అమ్మా అన్నాడు. అన్న సంగతి అతనికే తెలియదు. ఫోటోల పెట్టె మరిచిపోయి వెళ్లిపోయాడు.

నెడ్రా గరాజులోకి వెళ్లింది. నేల మీద బీట నాలుగడుగులు సాగి, మధ్యలో కొంచెం పైకి ఉబ్బింది. పాత అతుకులు ఒకదాని మీద ఒకటి, తెలుపులో రకరకాల తెలుపు. మోకాళ్ల మీద కూర్చుని దాని మీద చెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. వంగింది. వాసన అక్కడే ఉంది, తన తలలో కాదు. ఇన్నాళ్లూ దీని మీదే కారు పెట్టుకుని సరుకుల సంచులు మోసింది. దీని మీదే నిలబడి రోజూ ఎల్డన్‌కు వీడ్కోలు చెప్పింది. ఆస్పత్రి దీపం కింద ఎల్డన్ ముఖం మళ్లీ కనబడింది, దారాన్ని చూస్తున్న ముఖం, కిందికి దిగిన భుజాలు. అది దుఃఖం కాదు. ఊరట. ఇంత కాలం పక్కన పడుకుని కూడా ఆ ముఖాన్ని తప్పు చదివింది. పేరున రాయించిన ఇల్లు, చేతిలో పెట్టిన తాళంచెవి, 'ఇది అమ్మను నెడ్డీ'. ఎవరైనా అమ్ముతారా? కొన్నవాడు తవ్వితే? డార్లీన్ దావా వేసి అతని ఆస్తులన్నీ పట్టుకున్నా, దీన్ని మాత్రం ఎవరూ ముట్టలేరు. దయ అనుకుని ఏడ్చింది. ఏ వీధిలో ఏ ఇంటికీ కాపలా మనిషిని పెట్టని ఎల్డన్, ఈ ఇంటికి మాత్రం పెట్టుకున్నాడు. జీతం లేని కాపలా మనిషి, రొట్టె వాసనతో సహా.

కోపం రావాలి. ముందు వచ్చింది మాత్రం వెర్న్ గొంతు.

"చెప్పలేదురా," అంది నేలతో. "దానికి నేనేమీ చెప్పలేదు."

అక్కడే కొంతసేపు కూర్చుంది. లేచి లోపలికి వచ్చి ఫోన్ దగ్గరికి వెళ్లింది. డార్లీన్ చెల్లెలి నంబరు కోసం పుస్తకం తిరగెయ్యాల్సిన పని లేదు. వారం నుంచి ఆ నంబరు వేళ్ల చివర్లోనే ఉంది. మాట్లాడింది కొంచెమే. అవతలి నుంచి ఒక ప్రశ్న వచ్చింది, నెడ్రా సరేనంది. ఫోన్ పెట్టేశాక కుట్టుబుట్ట బల్ల మీద బోర్లించి, అడుగున ఉన్న ఆకుపచ్చ దారపు ఉండను వెతికి తీసింది. ఆ రోజుదే. పారెయ్యలేకపోయింది, వాడలేకపోయింది. తెల్లదారం సూదిలోంచి లాగేసి దీన్ని ఎక్కించింది. బ్యాడ్జిని ఎడమ జేబు మీద పెట్టి, లోపలి వైపు నుంచి కాక పై నుంచి, వెడల్పాటి కుట్లు వేసింది. బంగారు అంచు చుట్టూ ప్రతి కుట్టూ విడివిడిగా కనబడేలా. ఇంత నిదానంగా ఆమె ఎన్నడూ కుట్టలేదు.

ఎల్డన్ వచ్చేసరికి కోటు కుర్చీకి తగిలించి ఉంది. చేతులు కడుక్కుని దాని వైపు వెళ్లాడు. వేలు బ్యాడ్జి మీద పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు, పొయ్యి మీది గిన్నె తగిలినట్టు.

"ఇదేంటి?"

"బ్యాడ్జి. ఎడమ జేబు మీద. వంకర పోలేదు."

"దారం, నెడ్రా."

"ఆకుపచ్చది."

"ఇంట్లో తెల్లది లేదా?"

"ఉంది."

ఎల్డన్ నవ్వబోయాడు. నవ్వు కుదరలేదు. "వేళాకోళమా? అక్కడ అంతా రేసువాళ్లే ఉంటారు. ఇది చూస్తే ఏమనుకుంటారు?" జేబులోంచి చిన్న కత్తి తీసి మడత విప్పాడు, కుట్లు తెంపడానికి.

"తెంపుకో," అంది నెడ్రా. "కాని తెంపేముందు ఒక్క మాట చెప్పు. ఈ దారం మనిషిని చంపుతుందా?"

కత్తి మొన మొదటి కుట్టు కింద ఆగింది.

"చంపుతుందంటే తెంపు. చంపదంటే అలాగే వేసుకురా. డార్లీన్ ఎదురుగా కూర్చుందాం."

ఎల్డన్ కళ్లు బల్ల మీదికి వెళ్లాయి. ఫోటోల పెట్టె, సగం తాగిన కాఫీ, విరిచి వదిలేసిన రొట్టె ముక్క. అక్కడి నుంచి గరాజు తలుపు మీదికి. కత్తి మడిచాడు.

"క్లెటస్," అన్నాడు.

"గరాజులోంచి వచ్చాడు."

కుర్చీలో కూర్చున్నాడు, కోటు వీపుకు తగలకుండా ముందుకు జరిగి. ఒక్కసారిగా ముసలివాడైనట్టు కనబడ్డాడు. ఆమెకు జాలి వేసింది. తనకు జాలి వేస్తుందని అతనికి తెలుసు, ఎప్పుడూ తెలుసు.

"పదహారేళ్లయింది నెడ్డీ."

"నాకూ అంతే అయింది."

"వాడు తిరిగొస్తాడా ఇప్పుడు? చెప్పి ఏం లాభం? నేను కావాలని చేశానా? ఆ తర్వాత నేనొక్క రాత్రి నిద్రపోయానా?" కళ్లు తుడుచుకున్నాడు. చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకోబోయాడు. "నిన్నేమైనా అన్నానా? ఒక్క మాటైనా అన్నానా? ఈ ఇల్లు నీ కోసమే కదా ఉంచాను."

చెయ్యి అందకుండా నెడ్రా వెనక్కి జరిగింది. జరిగాక తెలిసింది, సమాధి దగ్గర డార్లీన్ చెయ్యి ఎలా వెనక్కి వెళ్లిందో. అంత తేలికా అనిపించింది.

"ఈ ఇల్లు అమ్ముతున్నాను ఎల్డన్. నా పేరున ఉందిగా."

"నీకు మతి..."

"ఆదివారం చూడ్డానికి వస్తారు. మొదట వచ్చేది డార్లీన్. ఫోన్ చేశాను. గరాజులోంచి రమ్మన్నాను."

అతను లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. కోటు కుర్చీ మీంచి జారి నేల మీద పడింది. ఇద్దరిలో ఎవరూ తియ్యలేదు. నెడ్రా ఓవెన్ దగ్గరికి వెళ్లి, పక్కన ఉబ్బుతున్న పిండి మీది తడిగుడ్డ తీసి, గిన్నెతో సహా చెత్తబుట్టలో బోర్లించింది. సింకు మీద కిటికీ బార్లా తెరిచింది.

"ఈసారి రొట్టె కాల్చను," అంది.